తాతయ్యకు దొరికిన తిథి

ఖలీఫా సిటీ, అబుదాబి
14 ఫిబ్రవరి 2021

మావయ్యకి సత్యకుమారి నమస్కారాలు.

ఈ కాగితం ఫొటో నీ ఫోనులో చిన్నగా కనబడితే వేళ్ళతో లాగి పెద్దది చేసుకో. ఫోను చేసి మాట్లాడదామంటే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను గట్టిగా అరిస్తే ఈ ఇంట్లో వాళ్ళు దొంగలు పడ్డారనుకుంటారు. కాకినాడ పోర్టులో టగ్గు పడవ ఇంజను నీ చెవులు తినేసింది గానీ కళ్ళు వదిలిపెట్టింది. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

నేను ఇల్లు మారాను. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీలో పనిచేసిన ఇంటివాళ్ళు కరోనా దెబ్బకి సామాను సర్దుకుని ఇండియా వెళ్ళిపోయారు. నీ అల్లుడు అప్పాజీ ముసఫ్ఫాలో వెల్డింగు చేసే గ్యారేజీకి షాహుల్ అనే డ్రైవరు వస్తుంటాడు. అతను చెబితే ఈ ఇల్లు దొరికింది. కెనడా వాళ్ళు. మేడం కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆవిడ తండ్రిని చూసుకోవడం నా పని. పెద్దాయనకి తొంభై ఏడేళ్ళు. అక్కడ ఒంటరిగా వదిలేయలేక మేడం తనతో తెచ్చుకుంది. మంచివాడే. నేను పప్పుచారు చేసుకుంటే వాసన పట్టి తనకీ కావాలంటాడు. రెండు చెంచాలు తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ కావాలంటాడు.

ఆయన పద్దెనిమిదేళ్ళ వయసులో యుద్ధానికి పోయాడట, హిట్లరు యుద్ధం. కెనడా నేవీలో కార్వెట్ అని చిన్న ఓడ ఉండేదట. సరుకు ఓడలు నలభై, యాభై గుంపుగా ఇంగ్లండుకి పోతుంటే పక్కన కాపలా వెళ్ళడం దాని పని. ఎంత చిన్నదంటే కెరటం వస్తే మంచం మీద ఉన్నవాడు నేల మీద ఉండేవాడట. బట్టలు ఎప్పుడూ తడే, రొట్టె బూజు పట్టేదట. ఇవన్నీ నవ్వుతూనే చెబుతాడు. మధ్యలో ఎక్కడో ఆగిపోయి కిటికీ వైపు చూస్తాడు. ఇక ఆ పూట ఏమీ తినడు.

నన్ను ఏ ఊరని అడిగాడు. కోరంగి, సముద్రం పక్కనే అన్నాను. మీవాళ్ళు ఓడల్లో చేశారా అన్నాడు. మా అమ్మ వాళ్ళ నాన్న ఓడ ఎక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు అన్నాను. అనకుండా ఉండాల్సింది. అప్పటినుంచి రోజూ అదే అడుగుతున్నాడు. తాతయ్య ఏ సంవత్సరం వెళ్ళాడు మావయ్యా? ఏ ఓడ? అమ్మ ఉన్నప్పుడు అడగడం నాకు తట్టలేదు.

అత్తయ్య లేని ఇంట్లో ఏం వండుకుంటున్నావో రాయి. ఎదురింటి విజయదుర్గ అక్క కూర పంపుతోందా?

నీ మేనకోడలు,
సత్యకుమారి

కోరంగి
2 మార్చి 2021

సత్యకి,

నేను బాగానే ఉన్నాను. విజయదుర్గ రోజూ కూర పంపుతోంది. నిన్న బొమ్మిడాయిల పులుసు. ఉప్పు ఎక్కువైందని చెబితే గిన్నె లాక్కుపోయింది, మళ్ళీ సాయంత్రం తనే తెచ్చింది. పాతికేళ్ళు నిండకుండానే భర్త పోయిన మనిషి, నోరు పెద్దదైనా మనసు మంచిది. మాస్కు పెట్టుకుని సందులోకి వస్తే నన్ను ఎవరూ గుర్తుపట్టడం లేదు, అదొక్కటే ఈ కరోనా చేసిన మేలు.

మీ తాతయ్య సంగతి పరాయివాళ్ళ ఇంట్లో ఎందుకు ఎత్తావు? అంత చెప్పుకోదగ్గ సంగతా అది? అడిగావు కాబట్టి రాస్తున్నాను, ఒక్కసారే.

మా నాన్న పేరు మాణిక్యం. నలభై రెండులో కలకత్తా పోయి ఇంగ్లీషువాళ్ళ సరుకు ఓడలో ఖలాసీగా చేరాడు. మీ అమ్మకి అప్పుడు రెండేళ్ళు. నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. కలకత్తా నుంచి రెండు కార్డులు వచ్చాయి, తర్వాత రాలేదు. ఓడ పేరు ఎవరికీ తెలియదు. మునిగి పోయాడని కొందరన్నారు. కలకత్తాలో ఇంకొకదాన్ని చేరదీసి అక్కడే ఉండిపోయాడని ఊరంతా అంది. ఊరు ఏది ఎక్కువగా అంటే అదే నిలుస్తుంది. నన్ను బళ్ళో "పారిపోయినోడి కొడుకు" అనేవారు. పోర్టులో చేరితే అక్కడికీ ఆ పేరు నాకంటే ముందే వచ్చింది. నా పెళ్ళిచూపుల్లో మీ అత్తయ్య తండ్రి మొదట అడిగింది నా జీతం కాదు, మీ నాన్న సంగతి నిజమేనా అని.

పన్నెండేళ్ళు చూశాక దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించమని పెద్దలు చెప్పారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "నా కళ్ళతో సూడందే నా బొట్టు తియ్యను" అంది. ఎనభై అయిదులో పోయేదాకా తీయలేదు. పసుపు కుంకుమలతోనే పంపించాం. నాన్నకి తిథి లేదు, ఏడాదికోసారి మహాలయ అమావాస్యనాడు ఆయన పేరు కూడా కలిపి నీళ్ళు వదులుతాను. అప్పుడు కూడా బతికున్నవాడికి వదులుతున్నానేమో అని ఒక అనుమానం.

ఇంతే. ఇంక ఎవరికీ చెప్పకు. ఇంతకీ ఆ పెద్దాయన ఓడ ఏ సముద్రంలో తిరిగింది?

జోగయ్య

అబుదాబి
21 మార్చి 2021

మావయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. అమ్మ ఇవేమీ మాకు చెప్పలేదు. అడిగితే చీపురు తీసుకుని వాకిలి ఊడ్చేది.

పెద్దాయన ఓడ అట్లాంటిక్ సముద్రంలో తిరిగింది. కెనడా నుంచి ఇంగ్లండు దాకా.

మొన్న ఉదయం ఆయనకి స్నానం చేయిస్తున్నాను. తల మీద నీళ్ళు పడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒంటినిండా సబ్బు. అలాగే కూర్చుని అంతా చెప్పాడు. నాకు వచ్చింది వంటింటి ఇంగ్లీషే, అయినా అర్థమైంది. ఆయన నెమ్మదిగా, ఒకే మాట రెండుసార్లు చెబుతాడు.

1942 నవంబరు రెండో తారీఖు. గుంపులో వెనకగా వస్తున్న సరుకు ఓడని జర్మనీ జలాంతర్గామి కొట్టింది. ఓడ ఇంగ్లీషువాళ్ళది, పనివాళ్ళు మనవాళ్ళు. మనవాళ్ళంటే ఇండియా వాళ్ళు. నీళ్ళలో పడ్డారు. ఒంటికి కట్టుకునే తేలుడు చొక్కాలకి చిన్న ఎర్రదీపాలు ఉండేవట, అవి కెరటాల మీద కనబడుతున్నాయి. పెద్దాయన, ఇంకో ఇద్దరు కలిసి పైకి ఎక్కడానికి తాళ్ళ వల పక్కకి దింపారు. నీళ్ళలో ఉన్నవాళ్ళు అది చూసి ఈదుకుంటూ వచ్చారు. అంతలో పైనుంచి ఆర్డరు వచ్చింది: ఆగకూడదు, జలాంతర్గామి వెనక పడాలి, ఆగితే మనల్నీ కొడుతుంది అని. వల పైకి లాగేశారు. తన చేతులతోనే లాగాడట. ఒకడు అప్పటికే వల పట్టుకున్నాడట.

ఇది చెప్పి, "మీ తాతయ్య వెళ్ళింది ఆ ఏడాదే కదా" అన్నాడు. అవునన్నాను, నీ ఉత్తరం చూసి ఏడాది నేనే చెప్పాను. "అయితే ఆ ఓడలోనే ఉండి ఉంటాడు" అన్నాడు. ఏం చెప్పను? అయ్యుండొచ్చు అన్నాను. ఏడుస్తూ నా రెండు చేతులూ కళ్ళకి అద్దుకున్నాడు. సబ్బు నీళ్ళు కళ్ళలోకి పోతాయని నేను తుడుస్తున్నాను. తొంభై ఏడేళ్ళ మనిషి నా ముందు తల వంచుకుని కూర్చుంటే నాకే సిగ్గేసింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన కడుపునిండా తిన్నాడు. మేడం నా భుజం మీద చెయ్యివేసి థాంక్స్ చెప్పింది.

నీ రొయ్యల పచ్చడి మీద మనసు పోతోంది. విమానాలు సరిగ్గా తిరిగితే ఎవరితోనైనా పంపు.

సత్య

కోరంగి
11 ఏప్రిల్ 2021

అమ్మా సత్యా,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అయ్యుండొచ్చు అని రాశావు. అయ్యుండొచ్చు ఏమిటి? ఏడాది అదే. ఇంగ్లీషువాళ్ళ ఓడ. మన ఖలాసీలు. నవంబరు తర్వాతే కదా కార్డులు రానిది! నేను పుట్టింది డిసెంబరులో. నేను పుట్టానని రాసిన ఉత్తరానికి జవాబు రాలేదని మా అమ్మ ఎన్నిసార్లు అనేదో. ఎలా వస్తుంది? అప్పటికే ఆయన లేడు కదా.

పారిపోలేదు. విన్నావా? మా నాన్న పారిపోలేదు.

మీ పెద్దాయన మీద నాకు కోపం లేదని చెప్పు. ముప్ఫై ఏళ్ళు ఇంజను గదిలో ఉన్నవాణ్ణి. పైనుంచి గంట మోగితే ఆపాలి, మళ్ళీ మోగితే నడపాలి. పైన ఏం జరుగుతోందో అడిగే హక్కు మనకి ఉండదు. ఆయన చేతులు లాగాయి గానీ ఆయన లాగలేదు. ఇది ఆయనకి అర్థమయ్యేలా చెప్పు.

ఇంకొకటి. ఈ కిందిది ఆయనకి చదివి వినిపించు.

"అయ్యా, నా పేరు జోగయ్య. మీరు నీళ్ళలో చూసిన మాణిక్యం కొడుకుని. మా నాన్నని నేను చూడలేదు. ఫొటో కూడా లేదు. మీరు చూశారు. ఎలా ఉన్నాడు? వల పట్టుకున్నవాడు ఆయనేనా?"

జవాబు త్వరగా రాయి. ఇక్కడ కరోనా మళ్ళీ విరుచుకుపడుతోంది. మా వీధిలోనే ఇద్దరు పోయారు. జవాబు వినకుండా పోతానేమోనని భయంగా ఉంది.

జోగయ్య

అబుదాబి
6 జూన్ 2021

మావయ్యా,

ఆలస్యమైంది, కోప్పడకు. నువ్వు బాగున్నావని అప్పాజీ తమ్ముడు చెప్పాడు, ఊపిరి వచ్చింది. టీకా రెండోది కూడా వేయించుకో.

నీ మాటలు ఆయనకి చదివి చెప్పాను. కొడుకు బతికున్నాడా అని మూడుసార్లు అడిగాడు. తర్వాత కళ్ళు మూసుకుని, గుర్తుంది అన్నాడు. ఎత్తుగా ఉన్నాడట. మీసం ఉందట. వల ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పక్కవాడి భుజం పట్టుకుని ఉన్నాడట. పక్కవాడు చిన్న కుర్రాడట. ముందు వాణ్ణి ఎక్కించమని సైగ చేశాడట.

తాతయ్యే మావయ్యా.

మీ అమ్మమ్మ నన్ను క్షమించిందా అని అడిగాడు. ఏమీ తెలియకుండానే పోయిందని ఎలా చెప్పను? క్షమించింది అన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున లేవగానే అదే అడుగుతున్నాడు. అవును, క్షమించింది అంటేనే టీ తాగుతాడు.

ఇంతకంటే ఏమీ అడగకు. పెద్దవాడు, అడిగితే అలిసిపోతున్నాడు. నాకూ నిద్ర పట్టడం లేదు. ఎండలు అలా ఉన్నాయి.

సత్య

కోరంగి
1 నవంబర్ 2021

చిరంజీవి సత్యకి మావయ్య ఆశీస్సులు.

జరిగింది తల్లీ, అన్నీ సక్రమంగా జరిగాయి. నువ్వు రాసిన తారీఖు పట్టుకుని రామ్మోహనరావు పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పాత పంచాంగాలు తిరగేసి తిథి తేల్చాడు. ఆశ్వయుజ బహుళంలో వచ్చింది, దీపావళికి ముందు. నీళ్ళలో పోయినవాళ్ళకి ముందు నారాయణబలి జరగాలన్నాడు. అదీ చేయించాను. తర్వాత తద్దినం పెట్టాను. నా వయసు డెబ్బై తొమ్మిదికి దగ్గర, తండ్రికి మొదటి తద్దినం! పంతులుగారే నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

పిండం అరటాకులో పెట్టి గోడ మీద ఉంచి వెనక్కి తిరిగానో లేదో, కాకి వచ్చి ముట్టింది. ఒక్కొక్కరి ఇళ్ళలో గంటలు గంటలు ఎదురుచూస్తారు. మా నాన్న ఎంత ఆకలి మీద ఉన్నాడో.

ఊళ్ళో మగవాళ్ళందరినీ భోజనానికి పిలిచాను. బళ్ళో నన్ను ఏడిపించినవాళ్ళలో ఇద్దరే మిగిలారు, ఆ ఇద్దరూ వచ్చారు. అందరి ముందూ నీ ఉత్తరం చదివాను. పక్కవాణ్ణి ముందు ఎక్కించమని సైగ చేసిన చోటు రెండుసార్లు చదివాను. వాళ్ళలో ఒకడు లేచి, "తప్పయిపోయింది రా జోగులూ, మీ బాబు దొరలాంటోడు" అన్నాడు. అతను అన్నది పెదాలు చూసి తెలుసుకున్నాను.

నువ్వు అంత దూరం పోయి అంట్లు తోముతున్నావని ఎన్నిసార్లు బాధపడ్డానో. అందుకే పోయావు తల్లీ. మా నాన్నని వెతికి తేవడానికే పోయావు.

మీ మావయ్య,
జోగయ్య

అబుదాబి
10 నవంబర్ 2021

మావయ్యా,

చదివాను. సంతోషం. అయినా అంతమందికి చదివి వినిపించకపోతే బాగుండేది. మన ఇంటి సంగతి మన ఇంట్లో ఉంటే పోయేది కదా.

పెద్దాయనకి ఒంట్లో బాగుండటం లేదు, ఎక్కువ రాయలేను. నీ మోకాళ్ళకి నూనె పంపుతున్నాను.

సత్య

కోరంగి
12 డిసెంబర్ 2021

సత్యా,

నూనె అందింది. నీ ఉత్తరం ఎందుకంత పొడిగా ఉందో అర్థం కాలేదు. సర్లే, ఇప్పుడు నాకు వేరే తలనొప్పి పట్టుకుంది. చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

విజయదుర్గ నెల రోజులుగా కూర పంపడం లేదు. ఒంట్లో బాగాలేదనుకున్నాను. మొన్న వీధిలో కనబడితే పలకరించాను. మొహం తిప్పుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఏమైందమ్మా అని అడిగాను. నాకు వినపడదని, అందరికీ వినపడేలా అరిచింది. పెదాలు చూడనక్కరలేకుండా నాకూ వినపడింది.

"మీ బాబు నలభై రెండులోనే పోతే మీయమ్మ ఇదవే కదా బాబాయ్! నా పెళ్ళిలో పసుపు దంచిందెవరు? మీయమ్మ! నా మెళ్ళో నల్లపూసలు గుచ్చిందెవరు? ముత్తైదువని పిలిస్తే మొగుడు పోయినోళ్ళొచ్చి కూకున్నారు! ఏడాది తిరక్కుండా మా ఆయన పడవ బోల్తా పడి పోయాడంటే పోడా మరి?"

వీధిలో ఆడవాళ్ళంతా బయటికి వచ్చారు. ఎవరెవరి పెళ్ళిళ్ళలో మా అమ్మ పసుపు దంచిందో లెక్కలు తీస్తున్నారు. ఒకరికి పిల్లలు లేరు, ఒకరి కూతురు ఇంటికి వచ్చేసింది. అన్నిటికీ మా అమ్మే. ఎప్పుడో పోయిన మనిషి మొహాన బొట్టు చెరుపుతున్నారు సత్యా. బతికి ఉన్నప్పుడు ఎవరూ ధైర్యం చేయలేదు.

 నాన్న పోయాడంటే అమ్మ తప్పు చేసినట్టు. నాన్న పారిపోయాడంటే అమ్మ బొట్టు నిలుస్తుంది, నాన్న పేరు పోతుంది. ఇద్దరినీ ఒకే చేత్తో పట్టుకోవడం నావల్ల కావడం లేదు. మీ పెద్దాయనని మళ్ళీ ఒక్కసారి అడుగు. తారీఖు సరిగ్గా చెప్పాడా? మా నాన్నని ఎవరైనా ఎక్కించుకుని ఉండొచ్చా? ఎక్కడో బతికి ఉండటానికి దారి ఉందా? ఇన్నాళ్ళకి దొరికాడని సంబరపడ్డ నేనే ఇప్పుడు బతికి ఉంటే బాగుండునని అడుగుతున్నాను, చూశావా.

జోగయ్య

అబుదాబి
26 డిసెంబర్ 2021

మావయ్యా,

ఈ ఉత్తరం చదివి నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే అది న్యాయమే.

పెద్దాయన తాతయ్యని చూడలేదు. తాతయ్య ఆ ఓడలో ఉన్నాడని ఎవరికీ తెలియదు. నాకు అసలే తెలియదు.

స్నానాల గదిలో ఆయన ఏడుస్తూ అడిగినప్పుడు అయ్యుండొచ్చు అనలేదు నేను. అవును, అదే ఓడ, మా ఇంట్లో అందరికీ తెలుసు అన్నాను. ఆయన ఏడుపు ఆపడానికి అన్నాను. నీకు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్తగా అయ్యుండొచ్చు అని రాశాను. తప్పు చేస్తున్నానని అప్పుడే తెలుసు కాబట్టే అలా రాశాను. నువ్వు దాన్ని గట్టిగా పట్టుకున్నావు. లేదు మావయ్యా అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. "పారిపోలేదు, విన్నావా" అని నువ్వు రాసినది చూసి నాకు చెయ్యి ఆడలేదు.

నీ ప్రశ్న చదివి వినిపించాను, అది నిజమే. ఆయన మొదట గుర్తులేదు అన్నాడు. నేనే అడిగాను: ఎత్తుగా ఉన్నాడా? మీసం ఉందా? అడిగినదానికల్లా ఉంది, ఉంది అన్నాడు. తర్వాత తనే కుర్రాణ్ణి కలిపాడు. ఆయనకి క్షమాపణ కావాలి, నీకు నాన్న కావాలి, మధ్యలో నేను కూర్చుని ఇద్దరికీ కావలసింది వండి పెట్టాను. కాకి ముట్టిందని నువ్వు రాసిన రోజు నాకు అన్నం ముద్ద దిగలేదు.

నీ చివరి ఉత్తరం అప్పాజీకి చూపించాను. "ఇలాగ అబద్దంతో పని ఖలాస్ సేసేద్దామనుకున్నావేంటి? రాసెయ్. ఉన్నదున్నట్టు రాసెయ్" అన్నాడు. 

ముందు మేడంకి చెప్పాను. మీ నాన్నగారికి అబద్ధం చెప్పాను, మా తాతయ్య ఆ ఓడలో ఉన్నాడని మాకు తెలియదు అని. ఆవిడ నవ్వింది. "నాకు మొదటినుంచీ తెలుసు. ఆ ఓడలో పనిచేసినవాళ్ళు మీ వైపు వాళ్ళు కారు. నువ్వు చాలా మంచిదానివి" అంది. తిట్టి ఉంటే బాగుండేది మావయ్యా. నేను అమ్మమ్మ పేరు ఎత్తి రోజూ పొద్దున్నే క్షమిస్తుంటే, ఆవిడ అది మందు బిళ్ళ వేసినట్టు చూసింది. నేను ఆ ఇంట్లో అంట్లు తోమినందుకు ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆ మెచ్చుకోలుకి సిగ్గుపడ్డాను.

పెద్దాయన మంచం మీదే ఉన్నాడు. డాక్టరు రోజుల మాట అంటున్నాడు. ఇవాళ పొద్దున కూడా అడిగాడు. అవును అన్నాను. ఆయనకి నిజం చెప్పాలా? నువ్వు చెప్పమంటే చెబుతాను.

ఊళ్ళో వాళ్ళకి నా పేరు చెప్పు. దుబాయ్ పోయి బుద్ధి గడ్డి తిన్నది, అబద్ధాలు రాసి పంపింది అని చెప్పు. అమ్మమ్మని ఒక్క మాట కూడా పడనివ్వకు.

సత్యకుమారి

కోరంగి
20 జనవరి 2022

సత్యకి,

నీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. పండక్కి కూడా ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఏడుస్తున్న ముసలివాడి ముందు నువ్వు అబద్ధం ఆడావు. దానికి నేను ఏమీ అనను, ఆ చోట ఉంటే నేనూ ఆడతాను. కానీ నేను ఏడవలేదే? నాకెందుకు ఆడావు? డెబ్బై తొమ్మిదేళ్ళు నాన్న లేకుండా బతికినవాణ్ణి, ఇంకొన్నాళ్ళు బతకలేనా? ఇది అడగాలని మూడు వారాలు అనుకున్నాను. అడిగేశాను. మళ్ళీ అడగను.

నీ పేరు ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆదివారం విజయదుర్గ గుమ్మం ముందుకి వెళ్ళి నిలబడ్డాను. వీధిలో అందరినీ పిలవమన్నాను. నిజం చెప్పాలంటే ఏం చెప్పాలి? ఏమయ్యాడో తెలియదు అని చెప్పాలి. తెలియదంటే వాళ్ళు ఒప్పుకోరు. తెలియదంటే పోయి ఉండొచ్చు అనే కదా, ఆ పోయి ఉండొచ్చు మా అమ్మ నుదుటి మీదే పడుతుంది. అందుకని తెలియదని చెప్పలేదు.

"మా బాబు ఓడలో పోలేదమ్మా. కలకత్తాలో ఇంకోదాన్ని కట్టుకుని, పిల్లల్ని కని, అక్కడే ముసలోడై పోయాడు. మాయమ్మ పోయినప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. ఆ సంగతి నాకెప్పట్నుంచో తెలుసు. సిగ్గేసి దాసుకున్నాను. ఓడ కథ నేనే అల్లాను. మా మేనకోడలి ఉత్తరంలో లేనిది సదివాను. మాయమ్మ ముత్తైదువ. మీ పెళ్ళిలో పసుపు దంచింది ముత్తైదువే" అన్నాను.

భోజనానికి వచ్చి తప్పయిపోయిందన్నవాడు కూడా అక్కడే ఉన్నాడు. నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

విజయదుర్గ గుమ్మం దిగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అంది. "అయితే మా ఆయన నా రాత బాగోకే పోయాడన్నమాట బాబాయ్" అంది. ఏడ్చింది. ఆమెకి ఇన్నాళ్ళకి దొరికిన కారణం కూడా నేనే తీసేసుకున్నాను. 

పెద్దాయనకి ఏం చెప్పాలని అడిగావు. ఇప్పటికి ఆయన ఉన్నాడో లేడో. ఉంటే, మాణిక్యం కొడుకు క్షమించాడని చెప్పు. అది నేను అంటున్నాను కాబట్టి అబద్ధం కాదు. ఎవరి తండ్రో ఒకరి తండ్రి ఆ వల పట్టుకున్నాడు కదా, వాళ్ళ తరఫున ఎవరో ఒకరు అనాలి. మా అమ్మ పేరు మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకు. ఆవిడ ఎవరినీ క్షమించలేదు. ఎదురుచూసింది, అంతే.

ఊరు ఇన్నేళ్ళు నన్ను అన్న మాటని నేను ఒక్కసారి కూడా నా నోటితో అనలేదు సత్యా. బళ్ళో కొట్టినా అనలేదు. మొన్న నేనే నలుగురిలో నిలబడి అన్నాను. ఏ తప్పూ చేసి ఉండకపోవచ్చు ఆయన. మూడు నెలల్లో ఒకసారి నీళ్ళలో ముంచాం, ఒకసారి ఇల్లు వదిలి పారిపోయేలా చేశాం.

నిన్న పొద్దున్నే రేవుకి వెళ్ళాను, ఆయనని ఒక్క మాట క్షమించమని అడుగుదామని. చెంబుతో నీళ్ళు తీసుకుని నిలబడ్డాను. తర్పణానికైతే దక్షిణం వైపు తిరగాలని తెలుసు. ఇది తర్పణం కాదు. సముద్రం వైపు తిరిగి అడగాలా, కలకత్తా రోడ్డు వైపు తిరిగి అడగాలా అని ఎండ ఎక్కేదాకా నిలబడి, ఆ నీళ్ళు అక్కడే పారబోసి ఇంటికి వచ్చేశాను.

మీ మావయ్య,
జోగయ్య